కర్నూలు డాక్టరు గారి సంగీతం – మన కీర్తనలకు ఒక పాఠం

శతవార్షికోత్సవ సంచికకు వ్యాసం వ్రాయమని పెద్దలు అడిగినప్పుడు, శ్రీరంగాపూర్ నుండి మేమేమి వ్రాయగలమా అని కొంత ఆలోచించాము. మన అధ్యక్ష మండల చరిత్రను, దేవాలయాల నిర్మాణాన్ని, సేవ చేసిన గురువుల జీవితాలను మాకంటె బాగుగా ఎరిగినవారు ఈ సంచికలోనే వ్రాస్తున్నారు. మేము గాయక బృందంలో వెనుక వరుసలో నిలబడేవాళ్ళం. కనుక పాటను గూర్చి వ్రాయడమే మాకు తగినదని అనుకున్నాము. అయితే మా వ్యాసంలోని ముఖ్య పురుషుడు మన సంఘాలకు చెందినవారు కారు, పాటతో పొట్ట పోసుకున్నవారు అంతకంటె కారు. ఆయన కర్నూలు పెద్దాసుపత్రి డాక్టరు. పేరు శ్రీపాద పినాకపాణి.

ఎందుకు ఆయనను ఎన్నుకున్నామో ముందుగా చెప్పాలి.

మన ఆరాధనలో వాడే కీర్తనల పుస్తకం తెరవండి. చాలా కీర్తనలకు పైన రాగం పేరు, తాళం పేరు అచ్చువేసి ఉంటాయి. మోహన, ఆది అని ఒకచోట, ముఖారి, చాపు అని మరొకచోట. పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) మొదలుకొని మన కీర్తనకారులు చాలామంది ఆ రాగాలను ఎరిగి, వాటిలో పాడి, పాడించినవారు. కాని పుస్తకంలో ఉన్నది పేరే. పాట ఎక్కడ ఎత్తుకోవాలో, ఎక్కడ దిగాలో, చరణం పల్లవితో ఎట్లా కలవాలో అందులో లేదు. అది ఒక పెద్దమనిషి గొంతులో ఉంటుంది. ఆ గొంతు ఆగితే పుస్తకంలో పేరు మాత్రం మిగులుతుంది.

మా సంఘంలో ఇదే జరిగింది. మా పెద్దలలో ఒకరు బడిపంతులు. పాతకాలపు కీర్తనలు, ఇప్పుడు ఎక్కడా వినపడనివి, ముప్పైకి పైగా ఆయనకు కంఠస్థం. సెలవుల్లో ఆయన దగ్గర కూర్చుని స్వరం వ్రాసుకుందామని మేము ఎన్నోసార్లు అనుకున్నాము. ఈ క్రిస్మసు అయిన తర్వాత అన్నాము, ఈస్టరు అయిన తర్వాత అన్నాము, పంటలు ఇంటికి వచ్చాక అన్నాము. ఆయన మాత్రం “ఎప్పుడు వచ్చినా సరే, నేనెక్కడికి పోతాను?” అనేవారు. ఒక వానాకాలం ఆయన వెళ్ళిపోయారు. సమాధి దగ్గర ఆయనకిష్టమైన కీర్తన పాడబోతే మాలో ముగ్గురు మూడు విధాలుగా ఎత్తుకున్నాము. ఆ సిగ్గు మమ్మల్ని ఇంకా వదలలేదు. ఈ వ్యాసం దానిలోనుండే పుట్టింది.

ఇక డాక్టరు గారి సంగతికి వద్దాము.

శ్రీపాద పినాకపాణి గారు 1913 ఆగస్టు 3వ తేదీన ఇప్పటి శ్రీకాకుళం జిల్లాలోని ప్రియాగ్రహారంలో జన్మించారు. చిన్ననాటనే సంగీతం మీద మనసు పడింది. రాజమహేంద్రవరంలో బి. ఎస్. లక్ష్మణరావు గారి దగ్గర శాస్త్రీయంగా నేర్చుకున్నారు. ఫిడేలు విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారి దగ్గర కొద్దికాలం శిక్షణ పొందారు. అటుతర్వాత మద్రాసులో రంగరామానుజ అయ్యంగారు గారి దగ్గర కృతులు పాఠం చేశారు. ఈ అయ్యంగారు ప్రఖ్యాత వైణికురాలు వీణ ధనమ్మాళ్ శిష్యులు. తాను నేర్చిన కృతులను స్వరంతో సహా ‘కృతిమణిమాలై’ పేరుతో సంపుటాలుగా అచ్చువేసినవారు. పాటను కాగితం మీద పెట్టే పట్టుదల శిష్యునికి ఈ గురువు నుండే వచ్చిందని మేము తలుస్తాము.

పాటతో పాటు చదువు కూడా సాగింది. విశాఖపట్నంలోని ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి 1938లో ఎం.బి.బి.ఎస్. పట్టా పుచ్చుకున్నారు. తర్వాత ఎం.డి. కూడా చేశారు. ప్రభుత్వ వైద్యుడుగా, వైద్య కళాశాల ఉపాధ్యాయుడుగా ఉద్యోగం చేశారు. సంగీతం వస్తే ఉద్యోగం మానుకోవాలనీ, ఉద్యోగం ఉంటే సంగీతం వదులుకోవాలనీ మన ఇళ్ళలో అనుకుంటారు. ఆయన రెండింటిలో దేనినీ వదలలేదు.

ఆయన మన ప్రాంతానికి దగ్గరగా వచ్చిన సందర్భం కూడ చెప్పుకోదగినదే. కర్నూలు 1953 అక్టోబరు 1 నుండి 1956 నవంబరు 1 దాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. రాజధాని హైదరాబాదుకు తరలిపోయాక ఆ ఊరికి 1957లో వైద్య కళాశాల వచ్చింది. పినాకపాణి గారు అక్కడ వైద్యశాస్త్ర ఆచార్యులుగా చేరి, ప్రభుత్వాసుపత్రి బాధ్యతలు కూడ చూసి, 1968లో ఉద్యోగ విరమణ చేశారు. విరమణ తర్వాత సొంత ప్రాంతానికి పోలేదు, మద్రాసుకూ పోలేదు. కర్నూలులోనే స్థిరపడి, 2013 మార్చి 11న నూరవ యేట అక్కడే కన్నుమూశారు.

మా శ్రీరంగాపూర్ నుండి కర్నూలు ఎంత దూరమో ఎరగనివారి కోసం చెబుతున్నాము. రంగనాయకస్వామి గుడి, రంగసముద్రం చెరువు దాటి పెబ్బేరు చేరితే పెద్ద రహదారి తగులుతుంది. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటాలి, ఆలంపూరు చౌరస్తా మీదుగా పోయి తుంగభద్ర దాటాలి, అంతే. 1956కు ముందు మేము హైదరాబాదు రాజ్యంలో వనపర్తి సంస్థానపు ఊరివాళ్ళం, వారు ఆంధ్ర రాష్ట్రం వారు. 2014 తర్వాత మళ్ళీ తుంగభద్ర రెండు రాష్ట్రాలకు ఎల్ల అయింది. 2016లో మా ఊరు వనపర్తి జిల్లాలో చేరింది. కాని ఎల్లలు ఎటు మారినా జబ్బు ముదిరితే కర్నూలు పెద్దాసుపత్రికి పోవడం ఈ ప్రాంతంవారికి తాతల నాటి అలవాటు. ఆ వరండాల్లో చాపలు పరుచుకుని పడుకున్న మన ఊళ్ళవాళ్ళలో, వార్డులు చూస్తూ పోయే ఆ పెద్ద డాక్టరు ఇంటికి పోయి శంకరాభరణం పాఠం చెబుతాడని ఎందరికి తెలుసు?

ఆయన స్వరకర్త ఎట్లా అయ్యారో ఇప్పుడు చూద్దాము. మన సంప్రదాయంలో మాటను, పాటను రెండింటినీ తానే కట్టినవానిని వాగ్గేయకారుడంటారు. త్యాగరాజు, క్షేత్రయ్య అటువంటివారు. ఒకరు వ్రాసిన సాహిత్యానికి స్వరం కూర్చేవారిని స్వరకర్త అంటారు. పినాకపాణి గారు ముఖ్యంగా స్వరకర్త. అన్నమాచార్యుల సంకీర్తనలు అనేకం ఆయన చేత స్వరాలు పొంది మళ్ళీ గొంతుల మీదికి వచ్చాయి.

అన్నమాచార్యుల (1408–1503) కథలో మన సంఘాలకు పనికివచ్చే సంగతి ఒకటి ఉంది. ఆయన సంకీర్తనలను కుమారులు, మనుమలు రాగిరేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలోని ఒక అరలో దాచారు. ఇరవయ్యవ శతాబ్దంలో వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితులు కృషి చేసి వాటిని వెలుగులోకి తెచ్చారు. పన్నెండు వేలకు పైగా పాటలు దొరికాయి. రాగికి చెదలు పట్టవు గనుక మాటలు చెక్కుచెదరలేదు. ప్రతి పాటకు రాగం పేరు కూడ ఉంది. కాని స్వరం లేదు. నాలుగు వందల ఏండ్ల పాటు ఆ పాటలను పాడే పరంపర సన్నగిల్లింది గనుక అన్నమయ్య ఏ వరుసలో పాడాడో చెప్పగలవారు లేకపోయారు. అందువల్ల రాళ్ళపల్లి వారు, పినాకపాణి గారు, ఆయన శిష్యులు నేదునూరి కృష్ణమూర్తి గారు మొదలైనవారు కొత్తగా స్వరాలు కట్టవలసి వచ్చింది. ఈనాడు మనం వినే వరుసలు చాలావరకు వారు ప్రసాదించినవే.

మన కీర్తనల పుస్తకం పైన ఉన్న రాగం పేరును, ఆ రాగిరేకు మీద ఉన్న రాగం పేరును పక్కపక్కన పెట్టి చూడండి. రెండింటి స్థితీ ఒకటే. రాగిరేకు మీద చెక్కినా దక్కని వరుస, కాగితం మీద పేరు అచ్చువేసినంతనే దక్కుతుందా?

ఈ ప్రమాదం డాక్టరు గారికి బాగా తెలుసు. అందుకే ఆయన జీవితంలోని పెద్ద పని కొత్త వరుసలు కట్టడం కంటె, ఉన్న పాటను ఉన్నట్టు కాగితం మీదకి దింపడం. నాలుగు సంపుటాలుగా తిరుమల తిరుపతి దేవస్థానం వారు ప్రచురించిన ‘సంగీత సౌరభం’ ఆ కృషి ఫలితం. ‘మనోధర్మ సంగీతం’, ‘పల్లవి గాన సుధ’ మొదలైన గ్రంథాలు కూడ ఆయన వ్రాశారు.

స్వరం వ్రాయడం అంటే ఏమిటో సంగీతం రానివారికి కూడ తెలిసేటట్టు చెప్పడానికి ప్రయత్నిస్తాము. ఆది తాళంలో ఒక ఆవర్తానికి ఎనిమిది అక్షరాలు. ఏ అక్షరం మీద ఏ స్వరం పలుకుతుందో, దాని కింద ఏ మాట వస్తుందో వరుసగా వ్రాస్తే పాట అస్థిపంజరం సిద్ధమవుతుంది. కాని మన సంగీతంలో స్వరం కదలకుండా నిలబడదు. తోడి రాగంలో గాంధారం పట్టుకుంటే అది ఒకచోట ఆగదు. రిషభం వైపు, మధ్యమం వైపు ఊగుతుంది. ఆ ఊపును గమకం అంటారు. కాగితం మీద ‘గ’ అని ఒక్క అక్షరం వ్రాసి ఊరుకుంటే, తోడి ఎరగనివాడు దానిని మేకు కొట్టినట్టు పాడతాడు. అది తోడి కాదు. పినాకపాణి గారు ఆ ఊపులో దొర్లే చిన్న చిన్న స్వరాలను కూడ విడదీసి, కాలం లెక్కతో సహా వ్రాశారు. రోగి మణికట్టు పట్టుకుని నాడి లెక్కించే చేతికి గాంధారం ఎన్నిసార్లు కదిలిందో లెక్కించడం కష్టమనిపించలేదేమో.

ఉద్యోగం ఆయనకు ఏమి ఇచ్చింది, ఏమి తీసుకుంది అన్న ప్రశ్న మాకు ముఖ్యమైనది. మన గాయక బృందాల్లో అందరూ ఉద్యోగులు, రైతులు, టీచర్లు, నర్సమ్మలు, మేస్త్రీలే గనుక.

తీసుకున్నది కాలం. ఊరూరా తిరిగి కచేరీలు చేసే విద్వాంసునికి ఉండే తీరిక డాక్టరుకు ఉండదు. ఆయన పాడారు, ఆకాశవాణిలోను, సభలలోను పాడారు. కాని పేరు వచ్చింది కచేరీల వలన కంటె పాఠం వలన. ఇచ్చినది స్వేచ్ఛ. సంగీతం ఆయనకు జీవనోపాధి కాదు. టిక్కెట్లు అమ్ముడుపోవాలని పాట మార్చవలసిన అగత్యం లేదు. ఒక్క కీర్తనను నెలరోజులు పాఠం చెప్పినా అడిగేవారు లేరు. ఆ ఓపిక ఫలితంగా ఆయన ఇంటినుండి బయటికి వచ్చినవారిని చూడండి: నేదునూరి కృష్ణమూర్తి, ఓలేటి వెంకటేశ్వర్లు, నూకల చినసత్యనారాయణ, శ్రీరంగం గోపాలరత్నం. తర్వాతి తరంలో మల్లాది సోదరులు. ఆంధ్రదేశంలో ఇరవయ్యవ శతాబ్దపు ఉత్తరార్ధంలో శాస్త్రీయ గానం విన్నవారెవరూ ఈ పేర్లను తప్పించుకోలేరు. వృత్తి విద్వాంసులను వరుసగా తయారుచేసిన గురువు ఆసుపత్రి ఉద్యోగి కావడం ఆశ్చర్యమే.

గుర్తింపు ఆలస్యంగానైనా వచ్చింది. 1977లో కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1983లో మద్రాసు సంగీత అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు, 1984లో పద్మభూషణ్ లభించాయి. సంగీత కళానిధి నాటికి ఆయనకు డెబ్బై ఏండ్లు, ఉద్యోగం విడిచి పదిహేనేండ్లు.

ఉద్యోగం చేసుకుంటూ పాట కట్టినవారు ఆయన ఒక్కరే కాదు. మన తెలుగువారికి మొదట జ్ఞాపకం వచ్చేది కంచర్ల గోపన్న. గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా కాలంలో పాల్వంచ తహసీల్దారు. సర్కారు సొమ్ముతో గుడి కట్టించి చెరసాల పాలయ్యాడు, రామదాసు కీర్తనలతో ప్రజల గుండెల్లో నిలిచాడు. ఆయన విషయంలో ఉద్యోగము, పాట ఒకదానితో ఒకటి ఢీకొన్నాయి.

క్రైస్తవులలో కూడ ఉన్నారు. మాయవరంలో జిల్లా మునసబుగా పనిచేసిన కతోలిక విశ్వాసి శామ్యూల్ వేదనాయకం పిళ్ళై (1826–1889) పగలు తీర్పులు వ్రాసి తమిళంలో కీర్తనలు కట్టారు. 1879లో అచ్చయిన తొలి తమిళ నవల కూడ ఆయనదే. అమెరికాలో ఛార్లెస్ ఐవ్స్ (1874–1954) అనే స్వరకర్త చిన్ననాటినుండి దేవాలయాల్లో ఆర్గన్ వాయించి, 1902లో ఆ కొలువు మాని, బీమా వ్యాపారం చేసుకుంటూ సాయంత్రాలు, సెలవు దినాలు స్వరరచనకు వెచ్చించారు. ఆయన రచనల్లో పాత ఆరాధన గీతాల వరుసలు అడుగడుగునా వినబడతాయి. వాటిని చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. 1947లో పులిట్జర్ బహుమానం వచ్చేనాటికి ఆయన వ్రాయడం మానేసి ఏండ్లు గడిచాయి.

వీరందరిలోను మాకు మిక్కిలి దగ్గరగా తోచేవారు ఎ. ఎం. చిన్నస్వామి మొదలియారు గారు. ఆయన స్వరకర్త కారు. మద్రాసు సచివాలయంలో సూపరింటెండెంటు. క్రైస్తవుడు, పాశ్చాత్య సంగీత లిపి ఎరిగినవాడు. త్యాగరాజు మొదలైనవారి కృతులు నోటి మాటగా ఉండి పాడైపోతున్నాయని బాధపడి, విద్వాంసుల చేత పాడించుకుని, వాటిని పాశ్చాత్య స్వరలిపిలో వ్రాసి 1890లలో సొంత డబ్బుతో అచ్చువేశారు. ఎట్టయాపురంలోని సుబ్బరామ దీక్షితులు గారిని, తమకు తెలిసిన సంగీతమంతా గ్రంథస్థం చేయమని పట్టుబట్టినవారు కూడ ఆయనే. ఆ ప్రోద్బలం వలన 1904లో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ అనే మహాగ్రంథం వెలువడింది. అది తెలుగు లిపిలో అచ్చయిన గ్రంథం. గమకాలకు గుర్తులు పెట్టి వ్రాసిన గ్రంథం. తన మతానికి చెందని కీర్తనల కోసం ఒక క్రైస్తవ గుమాస్తా దొర తన జీతాన్ని, ఆరోగ్యాన్ని ధారపోయగా, మన సొంత కీర్తనల కోసం మనం ఒక నోటు పుస్తకం కొనలేకపోయామంటే ఏమనాలి?

పాశ్చాత్య దేశాల సంఘాలలో ఈ ఇబ్బంది లేదు. అక్కడ వందల ఏండ్ల నాటి ఆరాధన గీతాల వరుసలు ఈనాటికీ చెడకుండా ఉండటానికి కారణం స్వరాలు అచ్చులో ఉండటమే. లిపి కష్టమని సామాన్యులు భయపడితే, ఇంగ్లండులో జాన్ కర్వెన్ (1816–1880) అనే పాస్టరు గారు, సారా గ్లోవర్ అనే ఉపాధ్యాయురాలు కల్పించిన పద్ధతిని బాగుచేసి, అక్షరాలతో చదివే స్వరలిపిని సంఘాలకు నేర్పారు. గని కూలీలు, మిల్లు కూలీలు కూడ దానితో నాలుగు గొంతుల పాట పాడారు. మనకు అంత శ్రమ కూడ లేదు. సరిగమలు మన అక్షరాలే.

ఇప్పుడు ఫోనులు ఉన్నాయి గదా, రికార్డు చేస్తే చాలదా అని మా పిల్లలు అడుగుతారు. చేయండి, తప్పక చేయండి. మా పెద్దాయన గొంతు మూడు నిమిషాలైనా దాచుకోలేకపోయామని మేము ఏడుస్తున్నాము. కాని క్యాసెట్లు ఏమైనవో మనకు తెలుసు. బూజు పట్టాయి, వాటిని వినిపించే యంత్రాలు పోయాయి. పైగా రికార్డు వినేవాడు ఆ ఒక్క రోజు, ఆ ఒక్క గొంతు పాడిన తీరును అనుకరిస్తాడు. ఆ రోజు జలుబు చేసి తప్పించిన సంగతి కూడ అనుకరిస్తాడు. స్వరం వ్రాయబోయినవాడు మాత్రం ఆగి, “తాతా, ఇక్కడ నిషాదమా, దైవతమా?” అని అడగక తప్పదు. ఆ ప్రశ్నలో నేర్వడం ఉంది. కనుక రెండూ కావాలి.

శతవార్షికోత్సవ సందర్భంగా మేము అడిగేది కొంచెమే. ప్రతి సంఘంలోను అరవై దాటిన గాయకులెవరో చూడండి. వారికి మాత్రమే తెలిసిన కీర్తనలు ఏవో పట్టిక వ్రాయండి. సరిగమలు తెలిసిన ఒక యువకుని గాని, యువతిని గాని వారి దగ్గర వారానికి ఒక సాయంత్రం కూర్చోబెట్టండి. ఒకే కీర్తనకు రెండు ఊళ్ళలో రెండు వరుసలుంటే తగువు పడకుండా రెండూ వ్రాయండి. ఏది అసలు వరుస అన్న వాదం తర్వాత చేసుకోవచ్చు. పాడేవారు బ్రతికి ఉండగా చేయవలసిన పని మాత్రం వ్రాయడమే.

దీనికి ఉద్యోగం మానుకోనక్కరలేదు. కర్నూలు డాక్టరు గారు పగలు వార్డులు చూశారు, వైద్య విద్యార్థులకు పాఠం చెప్పారు, మిగిలిన వేళల్లో నాలుగు సంపుటాలు నిలబెట్టారు. ఆయన విశ్వాసం వేరు, పాడిన దేవుని నామాలు వేరు. అయినా తనకు అప్పగించిన తలాంతును భూమిలో పాతిపెట్టకుండా వడ్డీతో తిరిగి ఇచ్చిన మనిషి అని ఆయనను గూర్చి చెప్పడానికి మాకు సంకోచం లేదు.

మా పెద్దాయన కీర్తనలలో పదకొండు మాత్రం మా అందరి జ్ఞాపకాలనూ కలిపి ఇప్పటికి వ్రాయగలిగాము. మిగిలినవి ఆయనతో పోయాయి. ఈ సంచిక చదివే ఏ ఊరి పెద్దలకైనా, గద్వాల నుండి గాని, నాగర్‌కర్నూలు నుండి గాని, పాత వరుసలు తెలిసి ఉంటే మాకు కబురు చేయండి. నోటు పుస్తకం పట్టుకుని మేమే వస్తాము. ఈసారి పంటలు ఇంటికి వచ్చేదాకా ఆగము.